ప్రైమర్ పూసిన చెవి

కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అనేవారు. అలాంటి నాకు పరాయివాళ్ల ముక్కులూ చెవులూ చేసే ఉద్యోగం దొరికింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరులో, పళ్ల సెట్లు చేసే ఒక చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. ప్రమాదంలోనో జబ్బుతోనో ముఖంలో ఏదైనా పోగొట్టుకున్నవాళ్లు డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవారు. వాళ్ల ఒంటి రంగుకు సరిపడేలా సిలికాన్ రబ్బరుతో ఆ భాగం చేసివ్వడం నా వంతు.

రంగు కలపడమే కష్టమని చూసేవాళ్లు అనుకుంటారు. నన్నడిగితే అసలు తిప్పలంతా అతికించడంలోనే ఉంది. సిలికాన్ ఒక పట్టాన దేనికీ అంటుకోదు. రబ్బరు చెవి తలకు నిలవాలంటే, ఎముకలో డాక్టర్లు బిగించిన స్క్రూలను అయస్కాంతాలు పట్టుకోవాలి. ఆ అయస్కాంతాలు గట్టి అక్రిలిక్ పలకలో ఉంటాయి, పలక చెవి వెనకవైపు ఇమిడి ఉంటుంది. పలకకూ రబ్బరుకూ పొసగదు. అందుకని పలక మీద ముందు ప్రైమర్ అనే నీళ్లలాంటి మందు పూసి, గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాత రబ్బరు పోయాలి. పెళ్లి సంబంధం కుదిర్చిన మనిషిలాగే, పని అయ్యాక ప్రైమర్ ఎవరికీ గుర్తుండదు. తేడా వచ్చినప్పుడు మాత్రం అందరూ దాన్నే తిడతారు.

యలహంక నుంచి ఒకామె వచ్చేది. ముప్పై ఏళ్లుంటాయేమో. వాళ్లు తాతల నాడే అనంతపురం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. మొగుడూ పెళ్లాం కలిసి పిండిమర నడిపేవారు. ఒకరోజు మర తిరుగుతుండగా జడ బెల్టులో చిక్కుకుని ఆమెకు కుడి చెవి పోయింది. అప్పటినుంచి నలుగురున్న చోటికి వెళ్లడం మానేసింది. కూతురికి చెవులు కుట్టించే వేడుక కూడా వాయిదా వేస్తూ వచ్చింది. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కంసాలి చేత కుట్టిస్తారు, చుట్టాలంతా చుట్టూ చేరతారు. ఆ రోజు తల్లి ఒక్క చెవితో ఎలా నిలబడాలన్నదే ఆమె దిగులు. నేను చేసిచ్చిన చెవి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాకే వేడుకకు రోజు ఖాయం చేసుకుంది.

ఇంకా ఐదు రోజులుందనగా మళ్లీ వచ్చింది.

"చూడమ్మా, ఇట్లా అయిపాయ," అని చేతిరుమాలు విప్పింది. రబ్బరు చెవి ఒకవైపు, పలక ఒకవైపు. "రాత్రి తీస్తా ఉంటే చెవి చేతికొచ్చె, బిళ్ల తలకే ఉండిపాయ. ఆదివారమే ఫంక్షన్ ఉండాది. అందరికీ చెప్పేసినాము. నేనైతే ఆడ నిలబడను."

"మీ పిల్ల వేడుకకు మీరు లేకపోతే ఎలా?" అన్నాను.

"దాని మామ ఉండాడు, మా అత్త ఉండాది. నేను రూములో కూర్చుంటా."

పలకను వెలుతురులో తిప్పి చూశాను. రబ్బరు తునక ఒక్కటీ దాన్ని అంటుకుని లేదు. అంటే ప్రైమర్ అసలు పట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి, ప్రైమర్ సీసా అమ్మిన చిక్కపేట దుకాణానికి వెళ్లాను.

"ప్రైమర్ అంటే ప్రైమరే మేడం. దేనికైనా పూసుకోవచ్చు," అన్నాడు దుకాణదారు.

"దేనికైనానా? మీ తలకాయకు పూస్తే మీ బుద్ధి అంటుకుంటుందా?"

అతను సరుకు పంపేవాళ్లకు ఫోన్ చేసేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. అది ఇనుముకూ అల్యూమినియానికీ పనికొచ్చేదట. అక్రిలిక్‌కు వేరే ఉందట. ఆ వేరేది ఆ దుకాణం గోడౌనులోనే ఉంది. "ముందే చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కదా," అని నాకే ఎదురు తగిలాడు.

ల్యాబుకు వచ్చి, కొన్ని అక్రిలిక్ ముక్కల మీద కొత్త ప్రైమర్ పూసి రబ్బరు పోశాను. గట్టిపడ్డాక పట్టకారుతో లాగి చూశాను. ఈ పరీక్షలో రబ్బరు చిరిగిపోవాలి, అతుకు మాత్రం విడిపోకూడదు. దిట్టంగా పూసిన ముక్క మీద రబ్బరు తెల్లటి పొరతో సహా లేచిపోయింది. పల్చగా, పూశామా లేదా అన్నట్టు పూసిన ముక్క మీద రబ్బరు చిరిగింది కాని వదల్లేదు. ఎక్కువ పూస్తే ఎక్కువ పట్టుకుంటుందని మనసుకు తోస్తుంది. మనుషుల విషయంలో కూడా నేను చాలాకాలం అలాగే అనుకున్నాను.

శనివారం ఆమె, అలా పల్చగా పూసి చేసిన కొత్త చెవి పెట్టుకుని చూసుకుంది. తర్వాత పర్సులోంచి బంగారు జుంకీ తీసింది.

"అంత బరువు వద్దు. చిన్న కమ్మ పెట్టుకోండి," అన్నాను.

"ఒక చెవికి జుంకీ, ఇంకో చెవికి కమ్మ ఉంటే చూసేటోళ్లు దాన్నే చూస్తారు కదమ్మా."

రబ్బరు తమ్మెకు నేనే బెజ్జం పెట్టాను.

తర్వాతి వారం వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఊడిపాయమ్మా," అంది.

మళ్లీ అతుకే విడిపోయిందనుకున్నాను. కాని ఆమె నవ్వుతోంది.

"సూది చూస్తానే పాప కెవ్వుమనె. చేయి చాపి నా జుంకీ పట్టి లాగె. చెవి మొత్తం దాని చేతికొచ్చేసె. అంతమందీ నన్నే చూసిరి. నాకు ఆడనే చచ్చిపోతే బాగుండు అనిపించె. పాప ఏడుపు ఆపేసి, దాన్ని అట్లా ఇట్లా తిప్పి చూసి, 'అమ్మా, నీకు నొప్పి లేదా?' అనె. 'లేదు తల్లీ' అంటి. 'అయితే నాకూ ఇట్లాంటిదే పెట్టి, దానికి కుట్టమను' అనె. ముందు మా అత్త నవ్వె, తర్వాత అందరూ నవ్విరి. నేనూ నవ్వితి. వాళ్ల ముందరే తీసుకుని పెట్టుకుంటి."

చెవి అడిగి తీసుకుని చూశాను. పిల్ల అంత గట్టిగా లాగినా అయస్కాంతాలు వదిలాయి తప్ప, పలకా రబ్బరూ వెంట్రుకవాసి కూడా విడిపోలేదు. గర్వంగానే అనిపించింది. "ఇంక భయం లేదు. మర దగ్గర కూడా రోజూ పెట్టుకోవచ్చు," అన్నాను.

"మర దగ్గర ఎందుకమ్మా, పిండి పడి పాడైపోతాది. ఈ వారమంతా అది లేకుండానే కూర్చుంటి. ఎవరూ ఏమీ అనలా."

ఎవరికీ తెలియకూడదనే కదా నేను ఆ అతుకు కోసం అంత గొడవపడ్డాను. తీరా అందరికీ తెలిసిపోయాకే ఆమెకు ఊపిరి ఆడింది. బయట ఎండగా ఉంది. చెమటకు పాడవుతుందని ఆమె చెవిని డబ్బాలో పెట్టి సంచిలో వేసుకుంది. జడను వెనక్కి తోసుకుని, ఒక్క చెవికే జుంకీతో బస్టాపు వైపు నడిచింది.