వరస పెట్టి పిలిచాను

జర్మనీ నాటక చరిత్ర చదవడానికి నేను బొంబాయి కామాటిపుర నుంచి రోజూ యూనివర్సిటీకి బస్సెక్కి వెళ్లేదాన్ని. ఎనభైల మొదట్లో, వరసగా ఒంటిగదులున్న మా చాల్‌లో డిగ్రీ దాటి చదువుతున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. "జర్మనోళ్ల నాటకాలు సదివితే మనకేమొస్తదే?" అని అవ్వ అడిగేది. నౌకరీ వస్తుందని అబద్ధం చెప్పేదాన్ని. నిజానికి ఏమొస్తుందో నాకూ తెలియదు.

మేడం చెప్పిన పాఠాల్లో ఒక్క మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అక్కడి కొత్త నాటకంలో నటుడు పాత్రలో మునిగిపోడట. పాత్ర పక్కన నిలబడి, ఇదిగో ఈ మనిషి ఇలా చేస్తాడు చూడండి అని మనకు చూపిస్తాడట. మధ్యలో ఆపి ప్రశ్న అడిగినా తొణకడట. పరీక్ష బదులు మమ్మల్ని వ్యాసం రాయమన్నారు, మీ వాళ్ల ఆటను తీసుకుని దీనితో పోల్చమని. నేను ఎక్కడికీ పోయి వెతకనక్కర్లేదు. మా ఒంటిగది ఖోలీలోనే తాత ఉన్నాడు.

తాత కూలికని పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో మేడలు కట్టాడు. అంతకు ముందు ఊళ్లో భాగోతాలు ఆడేవాడు, అన్నీ ఆడవేషాలే. బిడ్డను పోగొట్టుకున్న రాణి వేషం కడితే పసిపిల్లల తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఆట నుంచి లేచి వెళ్లిపోయేవారట. నన్ను పెంచింది ఆయనే. నా పేరు ఆయన నోట ఎప్పుడూ రాలేదు, నేను ఆయనకు 'బుడ్డి'ని. ఆ రాణి వేషం మళ్లీ కట్టమనగానే మురిసిపోయాడు. ఎన్నేళ్లయిందో పాపం, ఎవరైనా అడిగి.

ఆదివారం మధ్యాహ్నం. తాత ముఖానికి పచ్చటి అర్దళం రంగు పూసుకుని అవ్వ చీర కట్టాడు. స్నేహితురాలి దగ్గర్నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు నేను నొక్కాను. అవ్వ ముందే చెప్పింది: "మొకానికి రంగు పడ్డంక తాతా అని వరస పెట్టి పిలువొద్దు. మంగళం పాడి, రంగు కడిగినంకనే." బుద్ధిగా తలూపాను.

గొంతు సన్నగా లేచింది. అది తాత గొంతు కాదు. గుమ్మం దగ్గర హిందీలో గుసగుసలాడుతున్న పిల్లలు మెడలు చాచి లోపలికి వంగారు. రాణి తన ఖాళీ ఒడిని నిమురుతోంది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, నాకు అప్పుడే జర్మనీ పాఠం గుర్తొచ్చింది. ఇప్పుడు ఆపి అడిగితే ఏం చెబుతాడో!

"తాతా, చెయ్యి అట్ల ఎందుకు పెట్టినవ్?"

పాట తెగింది. ఆ పచ్చటి ముఖం మెల్లగా నా వైపు తిరిగింది.

"ఎవరి బిడ్డవు తల్లీ? నీ తల్లి నిన్ను వెదకదా?"

అవ్వ చెంబుతో పరుగున వచ్చి ముఖం కడిగేసింది. మంగళం ఎవరూ పాడలేదు.

సాయంత్రానికి తాత చాయ్ అడిగాడు. పక్క ఖోలీ ముసలాయనతో ఎప్పట్లాగే పోట్లాడాడు. అందరినీ గుర్తుపట్టాడు, నన్ను తప్ప. నేను కంచం పెడితే తలెత్తి, ఆ సన్నటి ఆడగొంతుతో, "ఎవరి బిడ్డవు తల్లీ?" అనేవాడు. మరుక్షణం అవ్వతో తన బొంగురు గొంతుతో ఉప్పు తక్కువైందని గొణిగేవాడు. డాక్టరు చూసి మతిమరుపన్నాడు. మతిమరుపు ఇంటిల్లిపాదిలో ఒక్కరినే ఎందుకు ఎంచుకుందో ఆయన చెప్పలేకపోయాడు. టేపు పెట్టి వింటే నా ప్రశ్న అందులో పడనే లేదు. జవాబు మాత్రం ఉంది. తర్వాత దాన్ని ముట్టుకోవడానికి నాకు భయమేసింది. వ్యాసం మొదలే పెట్టలేదు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. నేను ఆయన కళ్లబడకుండా గోడవారగా తిరిగేదాన్ని. చివరికి అవ్వే అంది: "ఆట నడుమ తెగింది. ఆడి ముగియ్యాలె. తెంపినదానివి నువ్వే, ఆ సచ్చిన బిడ్డ లెక్క నువ్వే పండు."

మరో మధ్యాహ్నం తలుపు మూసి చాప మీద పడుకున్నాను. అవ్వ తాతకు మళ్లీ రంగు పూసి, చీర కట్టించి, నా మీద తెల్లగుడ్డ కప్పింది. తాత నా తలను ఒడిలోకి తీసుకున్నాడు. అర్దళం వాసన ముక్కుకు తగిలింది. ఏడుపు పాట నా నెత్తి మీదుగా సాగింది. చేతులు బరువెక్కాయి. ఎవరో నా వేళ్లను ఒక్కొక్కటిగా నాకు కాకుండా చేస్తున్నారనిపించింది. ఇది ఆట, పక్కన నిలబడి చూపించు అని నాకు నేను చెప్పుకున్నాను. నిలబడడానికి పక్కన చోటే లేదు.

మంగళం పూర్తయింది. నీళ్ల చప్పుడు. తుండుతో ముఖం తుడిచిన చప్పుడు.

"బుడ్డీ?"

బొంగురు గొంతు. తెల్లగుడ్డ తొలగింది. తడిచేయి నా చెంప తట్టింది. "ఓ బుడ్డీ! ఏమైందే నా బుడ్డికి? ఇట్ల పన్నదేందే?" తాత గుండెలు బాదుకోవడం మొదలుపెట్టాడు. రాణి ఏడ్చినట్టు రాగం తీయలేదు, ముక్కు చీదుకుంటూ, దగ్గుతూ ఏడ్చాడు.

లెమ్మని అవ్వ నా కాలు గిల్లింది. వెంటనే లేవాల్సింది. లేవలేదు, ఆ సిగ్గు నాకిప్పటికీ పోలేదు. నాలుగు నెలలుగా నేనెవరో ఎరగని మనిషి నాకోసం ఏడుస్తున్నాడు. ఇంకాస్త విందామని, కళ్లు గట్టిగా మూసుకుని చచ్చినట్టే పడుకున్నాను.