తమ్ముడికి వేరే గది

మొన్న పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకకు వెళ్తే, తార్నాకలో మా పై ఫ్లాటులో ఉండే పెద్దాయన వెనక నుంచి ఆయాసపడుతూ వచ్చి నన్ను కలుసుకున్నారు. మా వయసు వాళ్లం నడిచేటప్పుడు మోకాళ్ల గురించి మాట్లాడుకోవడం ఆచారం. ఆయన ఆ ఆచారాన్ని పక్కన పెట్టి, తన మనవడి క్లాసులో బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లవాడొకడు ఉన్నాడనీ, పాఠం మధ్యలో లేచి తిరుగుతాడనీ, వాణ్ణి వేరే గదిలో కూర్చోబెట్టమని తల్లిదండ్రులంతా స్కూలువాళ్లను అడగబోతున్నారనీ, కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని కనుక నేను కూడా ఒక మాట అంటే బరువుంటుందనీ చెప్పారు. “పాపం, వాడి మంచికే మేడం,” అని చివర్లో చిటికెడు జాలి కూడా చల్లారు. నేను ఒక మాట కాదు, చాలా మాటలే అన్నాను. ఆయన ఆ రోజు మామూలు కన్నా వేగంగా నడిచారు. గుండెకు మంచిదే.

వేరే గది సంగతి నాకు కొంచెం తెలుసు. మా తమ్ముడికి కూడా ఒకప్పుడు ఇచ్చారు.

నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అప్పట్లో క్యాంపస్ లోపల ఒక చిన్న బడి ఉండేది. పెంకుల కప్పు, పొడుగాటి హాలు, ఆ హాల్లోనే మూడు క్లాసులు. ఒక క్లాసు ఎక్కాలు అరుస్తుంటే ఇంకో క్లాసు పద్యం అరిచే ఏర్పాటు, మీలో చాలామంది అటువంటి సంగీతంలోనే చదువుకుని ఉంటారు. తమ్ముడికి మాట ఆలస్యం, లెక్క ఇంకా ఆలస్యం, నవ్వు మాత్రం అందరికన్నా ముందు. ఊళ్లోని బళ్లన్నీ వాణ్ణి చూసి చాలా మర్యాదగా సీట్లు లేవన్నాయి. ఈ బడి పెద్ద టీచరమ్మ మాత్రం వాణ్ణి చూడకుండానే చేర్చుకుంది. చూస్తే ఏం తెలుస్తుంది అన్నది ఆవిడ వాదం.

ఆవిడ బడిలో ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉండాలి, ఒకరికొకరు సాయం చేసుకోవాలి, కానీ ఒకే ఇంటి పిల్లలు జోడీ కాకూడదు. అమ్మ నన్ను బడికి పంపేదే తమ్ముడి మీద ఓ కన్నేసి ఉంచమని. ఆ ఉద్యోగం నాకు మొదటి రోజే ఊడింది. తమ్ముడి పక్కన మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే అల్లరివాణ్ణి కూర్చోబెట్టి, నా పక్కన అంబర్‌పేట్ నుంచి వచ్చే చూపు లేని అమ్మాయిని కూర్చోబెట్టింది. బోర్డు మీద రాసింది నేను ఆమెకు చదివి వినిపించాలి, ఆమె లెక్కలు నోటితో చేసి నాకు నేర్పాలి. ఈ బేరంలో లాభం నాదేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఒకరోజు ఆమెను మంచినీళ్ల నల్లా దగ్గరికి చెయ్యి పట్టి లాక్కుపోతున్నాను. తమ్ముడు అడ్డం వచ్చాడు.

“గుంజకే అక్కా. నువ్వు ముందట నడువు. ఆమెనే నీ మోచెయ్యి పట్టుకుంటది.”

వాడికిది ఎవరూ నేర్పలేదు. పుట్టినప్పటి నుంచి వాణ్ణి అందరూ గుంజుతూనే ఉన్నారు కనుక, ఆ సబ్జెక్టులో వాడు నాకన్నా పై క్లాసు.

తర్వాత టీచరమ్మ రిటైరైంది, కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, పద్ధతైనవాడు. చెడ్డవాళ్లతో వేగడమే సులువు. కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల చదువు పాడవుతోందని అడిగారట, ఆయన వెనక ఉన్న సామాను గదిని కడిగించి, హాల్లో కూడా లేని ఫ్యాను ఒకటి నిజమైన దయతో అందులో పెట్టించి, తమ్ముణ్ణీ అటువంటి ఇంకో ఇద్దర్నీ అక్కడికి పంపించాడు. చూపు లేని అమ్మాయి బాగా చదువుతుంది కనుక హాల్లో ఉండవచ్చన్నాడు. ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా అడిగాడు: “అక్కా, నేనేం జేసిన?” అమ్మ అన్నం పెట్టింది.

మర్నాడు నేను నా సంచి పట్టుకుని ఆ వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి నా జోడీ గోడ తడుముకుంటూ వచ్చి నా పక్కన చేరింది. “నువ్వు లేకుంటే నాకు బోర్డెవరు చదువుతరే?” ఆ వెనకే మెట్టుగూడవాడు, వాడి వెనక వాడి దండు. బయటికి రమ్మని హెడ్మాస్టరు పిలిస్తే మెట్టుగూడవాడు చేతులు కట్టుకుని నిలబడి, “సార్, గీడ ఫ్యానున్నది సార్,” అన్నాడు. ఎండలు ముదిరాయి, ఒంటిపూట బడులు ఇంకా మొదలుకాలేదు. న్యాయమూ ఫ్యానూ ఒకే గదిలో ఉండటం లోకంలో అరుదు కనుక, వారం తిరక్కుండానే సగం హాలు అక్కడికి వచ్చేసింది.

హెడ్మాస్టరు తెలివైనవాడు. ఫ్యాను విప్పించి హాల్లో పెట్టించాడు. ఇద్దరు ఫ్యాను వెంట వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు తర్వాత పెద్ద అధికారి అయ్యాడు, నేనేమీ ఆశ్చర్యపోలేదు. మిగతావాళ్లం ఉండిపోయాం. చొక్కాలు వీపులకు అంటుకుపోయేవి. తమ్ముడు ఒక అట్టముక్క సంపాదించి, వరసగా అందరికీ విసిరేవాడు, నువ్వు కూడా విసురుకోరా అంటే వినేవాడు కాదు.

చివరికి మా పెద్దవాళ్లను పిలిపించారు. ప్యూను ఎదురొచ్చినా లేచి నిలబడే మనిషి మా నాన్న. ఆయనతో హెడ్మాస్టరు, “మీ బాబును ఇంకెక్కడైనా చేర్పించండి, మిగతా పిల్లలు వాళ్లే కుదురుకుంటారు,” అన్నాడు. నాన్న భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, “అట్లయితే ఇద్దరి టీసీలు ఇయ్యిండ్రి సార్, పాపది గూడ,” అన్నాడు. నాకు ఆ బడి తప్ప ఇంకో లోకం లేదు, క్లాసులో నేనే ఫస్టు. అయినా వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాను. అప్పుడు మెట్టుగూడవాడి నాన్న, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ బట్టల్లోనే ముందుకొచ్చాడు. “మావోనిది గూడ రాయిండ్రి. వాడుండి మీకేం ఫాయిదా గానీ.” చూపు లేని అమ్మాయి వాళ్లమ్మ కూడా వచ్చింది. గోడవార బెంచీ మీద కూర్చుంది, లేవలేదు. హెడ్మాస్టరు గ్లాసెడు నీళ్లు తాగి, టీసీల పుస్తకం తీయకుండానే మమ్మల్ని ఇళ్లకు వెళ్లమన్నాడు.

మర్నాడు తమ్ముడూ ఆ ఇద్దరూ హాల్లో, తమ పాత చోట్లలో ఉన్నారు. వేరే గది ఆర్డరును ఎవరూ రద్దు చేసినట్టు లేదు, బహుశా ఇప్పటికీ అమల్లోనే ఉంది.

బడి ఉన్న చోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు. తమ్ముడు నా దగ్గరే ఉంటున్నాడు, జుట్టు నాకన్నా నల్లగా ఉందని గర్వం. ఎల్లుండి పై ఫ్లాటు మనవడి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగట. నేనూ వాడూ వెళ్తున్నాం, ముందు వరసలో కూర్చుంటాం. పిలవలేదన్నది నిజమే.

ఈ కాలం బళ్లలో చక్రాల కుర్చీకి దారి ఉంది, ఇటువంటి పిల్లల కోసం వేరే చదువు చదివి వచ్చిన టీచర్లున్నారు, చట్టం కూడా ఉంది. మాకు అవేవీ లేవు, వాటికి వంక పెట్టేంత కృతఘ్నురాలిని కాను. దయ గురించి పుస్తకంలో రంగుల బొమ్మలతో పాఠం కూడా ఉందట. మాకు పాఠం లేదు, పక్కపక్కన కూర్చోబెట్టారు, అంతే. కొట్లాడుకున్నాం, పెన్సిళ్లు విరుచుకున్నాం, ఒకరి రేగుపండ్లు ఒకరం తిన్నాం. నిన్న లిఫ్టులో పై ఫ్లాటు మనవణ్ణి, మీ క్లాసులో ఆ బాబు పేరేంటి నాన్నా అని అడిగాను. తెలియదన్నాడు. మా కాలంలో, కనీసం తిట్టుకోవడానికైనా, పేర్లు తెలిసేవి.