తాడు దగ్గర బాబాయి

సైన్యంలో ఇంజనీరింగ్ దళం సుబేదారుగా రిటైరై పటమటలో ఇల్లు కట్టుకున్న మరుసటి సంవత్సరం, అంటే 1974 ఫిబ్రవరిలో, కాలేజీ విద్యార్థుల సాహస శిక్షణ శిబిరానికి నన్ను బోధకుడిగా వేశారు. శిబిరం ఉయ్యూరు దగ్గర, బందరు కాలువ గట్టున. పైఅధికారి ఒక రిటైర్డ్ మేజరు గారు. ఆయన కింద మాజీ సైనికులం నలుగురం. కొండలెక్కడం మైలవరం వైపు ముందే నేర్పి తెచ్చారు. నీళ్ళ పని నా వంతు.

నీళ్ళ పని అంటే ఖాళీ పీపాలూ వెదుళ్ళూ కలిపి తెప్ప కట్టి మనుషుల్ని కాలువ దాటించడం. తెప్పకు రెండు తాళ్ళు. ఒకదాన్ని అవతలి గట్టు వాళ్ళు లాగుతారు. రెండోదాన్ని ఇవతలి గట్టున గూటానికి ఒక చుట్టు చుట్టి, తెప్ప సాగేకొద్దీ ఒక మనిషి వదులుతుంటాడు. అతను బిగబట్టాడంటే తెప్ప ఒరిగి నీళ్ళు మింగుతుంది. గట్టు మీద జనం తలా ఒకటి అరుస్తారు కనక, తెప్ప మీదున్న దళ నాయకుడి మాట తప్ప దేవుడి మాట కూడా వినొద్దని తాడు మనిషికి నేర్పుతాం.

మా దళ నాయకుడు ప్రభాకర్, మిషన్ స్కూలు మాస్టారి కొడుకు. సైన్యంలో ఆఫీసరు కావాలని అతని పట్టుదల. ఎంపిక ఇంటర్వ్యూకి శిబిరం నుంచి ఒక్కడినే మేజరు గారు సిఫారసు చేస్తారు. ఆ ఒక్కడూ తానే కావాలని, లేకపోతే నాన్నగారు టీచరు ట్రైనింగులో చేర్పించేస్తారని వచ్చిన రోజే నాతో చెప్పేశాడు.

చిక్కు వాళ్ళ బాబాయి శామ్యూల్ దగ్గర వచ్చింది. తాతగారి ఆఖరి సంతానం. ప్రభాకర్ కంటే రెండేళ్ళు చిన్న, ఉన్నది అదే దళంలో. వాళ్ళింట్లో పెద్ద వరస వాళ్ళను ‘మీరు’ అనాల్సిందే, వయసుతో నిమిత్తం లేదు. ఈ సంగతి తెలియక, ఒళ్ళు గట్టివాడు కదా అని శామ్యూల్‌ను తాడు దగ్గర పెట్టాను.

డ్రిల్లులో ఇబ్బంది రాలేదు. ఆ ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. హిందీలో బాబాయిలు ఉండరని ప్రభాకర్ నమ్మకం కాబోలు. పని ఆజ్ఞలు తెలుగులో. మొదటి అభ్యాసంలోనే, “బాబాయ్, కాస్త తాడు వదులుతారాండీ?” అన్నాడు.

మేజరు గారి చెవిన పడింది. “ఏవండీ సుబేదారు గారూ, మీవాడు రేపు శత్రువుని కూడా కాస్త పక్కకి జరగండి అంటాడా ఏంటండీ?” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఒక్క వాక్యంలో ఎన్ని అండీలు వాడారో మాత్రం నేను ఎత్తిచూపలేదు.

ఆ సాయంత్రం నుంచి ప్రభాకర్‌ను చెరకుతోట ముందు నిలబెట్టి “తాడు వదులు!” అని అరిపించాను. మొదట్లో నీళ్ళు నమిలాడు. క్రమంగా గొంతు లేచింది. చెరకు ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అసలు దాటింపు రోజున నేను అవతలి గట్టున లాగేవాళ్ళతో ఉన్నాను. మేజరు గారు ఇవతల కుర్చీ వేయించుకున్నారు. కాలువ నిండుగా పారుతోంది, దిగువన లాకు. తెప్ప నడిమధ్యకు రాగానే వెనక తాడు బిగిసింది. ప్రభాకర్ నేర్పినట్టే, ఖంగుమనే గొంతుతో అరిచాడు.

“తాడు వదులు!”

శామ్యూల్ తాడు ఇంకా బిగించి పట్టుకుని అడిగాడు. “ఎవర్నిరా వదులు అంటున్నావ్?”

ప్రభాకర్ మళ్ళీ అదే అరిచాడు. తెప్ప ఒరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు నడుముదాకా నీళ్ళలోకి జారి వెదుళ్ళు పట్టుకుని వేలాడారు. నేనూ అరిచాను. నా మాట వినొద్దని నేర్పింది నేనే కనక శామ్యూల్ వినలేదు.

ప్రభాకర్ ఒక్కసారి మేజరు గారి కుర్చీ వైపు చూశాడు. ఆ సిఫారసు పోయిందనే అనుకుని ఉంటాడు. తర్వాత బాబాయి వైపు తిరిగాడు.

“బాబాయ్, తప్పయిపోయిందండీ. తాడు వదలండి.”

శామ్యూల్ వెంటనే వదిలాడు. కుదుపు రాకుండా, చేతి మీద చెయ్యి మార్చుకుంటూ, నేను నేర్పినదానికంటే చక్కగా వదిలాడు. తెప్ప నిలదొక్కుకుని మా గట్టుకు చేరింది. ఒక బూటు మాత్రం బందరు వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేజరు గారు నన్ను పిలిపించి, అండీ అనే కుర్రాణ్ణి ఎలా సిఫారసు చేయమంటారని అడిగారు. “అండీ లేని ఆజ్ఞ రెండుసార్లు ఇచ్చాడు, అమలు కాలేదు. అండీతో ఒకసారి ఇచ్చాడు, అయింది. మనుషులందరూ గట్టున ఉన్నారు” అని చెప్పాను. ఆయన ప్రభాకర్ పేరే పంపారు. ఆ సంగతి చెబితే ప్రభాకర్ కంటే ముందు శామ్యూల్ ఏడ్చాడు.

ఆజ్ఞ ఎంత గట్టిగా ఇచ్చామన్నది లెక్కలోకి రాదనీ, తాడు వదిలారా లేదా అన్నదే వస్తుందనీ నాకు ఆ రోజు తెలిసింది. తర్వాత నడిపిన ప్రతి శిబిరంలోనూ తాడు మనిషిని ఎంచేముందు ఈత వచ్చా అని అడిగేవాణ్ణి. ఆ వెంటనే, నాయకుడికి వరసకు ఏమవుతావని అడిగేవాణ్ణి.