కుట్టి కొట్టిన బంతి

పెనుకొండ సమాధుల తోటలో మా ముత్తాత రాయి పగిలిపోయింది. కొత్తది చెక్కించాలనుకోగానే హిందూపురంలోని మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఊళ్ళో మమ్మల్ని బంతోళ్ళంటారు. ముత్తాత బంతిపూలు పండించి అమ్మినవాడు కనుక రాతిమీద పువ్వే ఉండాలని చిన్నాయన పట్టుబట్టాడు. ముత్తాత కూతురు మా అవ్వ. తొంభై ఏళ్ళు. ఆమె మాట వేరు.

“మా నాయన బంతాట ఆడినోడురా. మలబారు నుంచి ధర్మవరం రైల్వేలో బొగ్గేసే పనికొచ్చి ఆడినాడు. మోకాలు ఇరిగినంకనే పెనుకొండకొచ్చి పూలతోట పెట్టినాడు,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “నేను పుట్టేతలికే కుంటుతాండె. పిల్లని మురిపించేకి చెప్పినాడేమోనని నాకు భయం. నువ్వు పోయి కనుక్కోని రా. పాత రాతిమీద చెక్కిన బంతికి నడుమ కుట్లుండాయేమో చూడు.”

రాయి చెక్కే ఆయన సోమవారానికల్లా బొమ్మ కావాలన్నాడు. ఆదివారం పొద్దున ఏడింటికి నేను బస్సెక్కాను.

పక్క సీట్లో మడకశిర పెద్దాయన ఒకరు వివరం అడిగి, “బంతోళ్ళా? మా పెండ్లిండ్లకు పూలు మీ తోట నుంచే తెస్తాంటిమి కదప్పా!” అని సంబరపడ్డాడు. బస్సు ఊరు దాటకముందే చిన్నాయనకు ఒక ఓటు పడిపోయింది.

ఎనిమిదిన్నరకు పెనుకొండ. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మీరు వెళ్తే పొద్దున్నే తినండి, ఆలస్యమైతే బజ్జీలు దొరకవు. అక్కణ్ణుంచి సమాధుల తోటకు ఆటోలో వెళ్ళి, రాయి మీద నీళ్ళు పోసి తుడిచాను. గుండ్రటి బొమ్మ తేలింది. అందులోని గీతలు రేకులంటే రేకులు, తోలు అతుకులంటే అతుకులు. కుట్లు ఉండాల్సిన నడిమధ్యనే పగులు పోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ధర్మవరం బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. పట్టుచీరల అంగళ్ళ వాళ్ళు రమ్మని పిలుస్తుంటే తప్పించుకుని మెస్సులో భోంచేశాను. ఎండ తగ్గేదాకా స్టేషన్లో కునికి, అయిదింటికి దాని వెనక పాత రైల్వే మైదానానికి వెళ్ళాను. మగ్గాల పనివాళ్ళు, మెకానిక్కులు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఏదీ తేలకపోయినా అవ్వకు చూపిద్దామని ఫోన్లో వీడియో మొదలుపెట్టాను.

ఇంతలో బంతి ఒకతని కాలికి చిక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే కేక. “కుట్టి కొట్టప్పా, కుట్టి!”

మా ముత్తాతను అందరూ పిలిచిన పేరు కుట్టి.

అతను పాదం బయటి అంచుతో తన్నాడు. బంతి గోల్‌కీపర్ పక్కగా వంగి లోపల పడింది. ఆట ఆగిన సందులోనే గోల్‌కీపర్‌ని అడిగాను. “కుట్టి అంటే ఏంటన్నా?”

“తేలు కుట్టినట్ల పోతాది కదా సార్, అందుకేమో,” అన్నాడు విసుగ్గా. గోల్ పడిన కోపం ఇంకా తగ్గలేదు.

గట్టుమీద చేతికర్రతో కూర్చున్న ముసలాయన నవ్వాడు. “తేలు కాదు ఏం కాదు. కుట్టి అని మలబారాయప్ప. రైలింజన్లో బొగ్గేసేవాడంట. ఉత్త కాళ్ళతో ఆడి, బూట్లేసుకున్న దొరల టీములను ఏడిపిస్తాండెనని మా నాయన చెప్తాండె. ఆయప్ప తన్నే పద్ధతి కాబట్టి దానికి కుట్టి అని పేరు.”

ఆయన చేతులు పట్టుకుని, నేను ఆ కుట్టి మునిమనవణ్ణని చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు, కాళ్ళు చూశాడు. “నువ్వు ఆడవా?” అన్నాడు. ఆడనని తల ఊపాను. ముసలాయన ముఖం చిన్నబోయింది.

ఏడింటి ప్యాసింజర్లో కిటికీ సీటు దొరికింది. ఒక్కరోజు తిరుగుడులో ఇంత తృప్తి నేను ఏ యాత్రలోనూ ఎరగను. ఇంటికి వీడియో పంపి, ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. చిన్నాయన ఆ వీడియోను అవ్వ చెవి దగ్గర పెట్టాడు. ఆ కేక అయిపోయాక మళ్ళీ పెట్టమంది.

“మా నాయనను పిలుస్తాండారు,” అంది చివరికి. “గోలు పడిందా?”

“పడింది అవ్వా.”

“అయితే ఆ రాయి చెక్కేటాయప్పకు చెప్పు. బంతికి కుట్లు మర్చిపోవద్దని.”