కిక్కిస గొట్టాల్లో పురుగులు

తెలుగు రానిదాన్నా నేను? పుట్టి పెరిగింది ఏలూరే. అయినా ఒక్క మాట తప్పుగా వాడి ఎన్ని ప్రాణాలు తీశానో!

రెండువేల నాలుగో, ఐదో. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కామవరపుకోట దగ్గర ఒక నిమ్మతోటకి వెళ్ళేదాన్ని. మట్టితో గదులు కట్టుకునే ఒంటరి తేనెటీగలు ఏ చెట్టు పూతమీద వాలుతున్నాయో, ఎన్నిసార్లు తిరుగుతున్నాయో రాసుకోవడమే పని. అవి గూడు పెట్టడానికి కొల్లేరు నుంచి కిక్కిస గడ్డి తెప్పించి, ఆ బోలు గొట్టాలను జానెడు ముక్కలు కోసి, కట్టలుగా చెట్లకు వేలాడదీశాను. ఒక్కో ఈగనీ సీసాలో పట్టి వీపుమీద గోళ్ళరంగు చుక్క పెట్టేదాన్ని. ఎర్రచుక్కది మహా గడుసుది. పొట్టకింద పుప్పొడి పులుముకుని పెళ్ళివారింటి మనిషిలా హడావిడిగా తిరిగేది.

"ఈగలకి బొట్టు పెడుతున్నారేంటండీ అమ్మాయిగారూ!" అని తోట పెద్దాయన నవ్వేవారు. నేనూ నవ్వేదాన్నే గానీ, వాటివల్లే పిందె నిలుస్తుందని ఒక్కరోజూ చెప్పలేదు.

ఆ ఊళ్ళో వాటిని కుమ్మరి పురుగులు అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. పరీక్షలకి వెళ్తూ, "బాబాయిగారూ, గొట్టాల నిండా పురుగులున్నాయండి. నేనొచ్చేదాకా కాస్త చూసుకోండి" అన్నాను.

రైతుతో పురుగు చూసుకోమంటే ఏమని అర్థం?

వారం తర్వాత ఆయన గేటు దగ్గరికే ఎదురొచ్చారు. "మీరు చెప్పినట్టే గొట్టం గొట్టానికీ మందు కొట్టించానండీ. ఒక్కటి మిగల్లేదు!"

చెట్ల దగ్గరికి పరుగెత్తాను. కట్ట కింద ఎర్రచుక్కది వెల్లకిలా పడి ఉంది. తోటకి పట్టిన చీడని లెక్కపెడుతున్నాననుకున్నారట ఇన్నాళ్ళూ. తప్పు నాదని చెప్పాలి కదా! "మంచిపని చేశారండి" అన్నాను. పిరికిదాన్ని.

రిపోర్టులో మాత్రం, రైతు అవగాహన లేక ఈగలను చంపేశారని ఇంగ్లీషులో రాసి గట్టెక్కాను. సిగ్గులేకుండా ఒక కాపీ ఆయనకే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. అట్ట తడుముతూ, "మా గురించి ఏం రాశారండీ?" అన్నారు.

"బాగా సహకరించారని రాశానండి."

ఆయన మురిసిపోయి సంచిలో నిమ్మకాయలు పోయించారు. సంచి సగం కూడా నిండలేదు. "ఈసారి కాపు పల్చబడిందండీ, ఎందుకో మరి. మళ్ళీ పూతకి తప్పకుండా రండి. మీరు చెప్పేదాకా ఎందుకూ, ముందే కొట్టించేస్తాను" అన్నారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. సరేనండీ అని సంచి అందుకుని బస్సెక్కేశాను.