బలాయె కోసం మంచు

మంచంతా కరిగిపోయిన మార్చి పొద్దున, ఎక్కడో పార గీకుతున్న చప్పుడు వినిపించింది. ఇనుము నేల మీద గీరుతుంది, ఆగుతుంది, ఒక తిట్టు, మళ్లీ గీరుతుంది. మేపుల్ చెట్లకు తగిలించిన బకెట్లలో చెట్టునీరు బొట్టుబొట్టుగా రాలుతూ దానికి తాళం వేస్తోంది. తోడడానికి మంచే లేని రోజున పార పట్టుకున్నది ఎవరా అని కంచె దాటి వెళ్లాను.

పశువుల కొట్టం వెనక, నడుం వంచి, అర్డిస్ పెల్కీ.

"నిన్నటిదాకా ఇక్కడ దూడంత మంచుంది, అమ్మాయ్," అంది తలెత్తకుండానే. "రాత్రి వాన మింగేసింది."

అర్డిస్ ఈ వెర్మాంట్ కొండల్లో ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది. అద్దంలోంచి ఒక్క కనుబొమ ఎత్తితే బస్సంతా చేతులు కట్టుకునేదట. భర్త రోలండ్ పోయాక కూడా ప్రతి మార్చిలోనూ చెట్లకు బకెట్లు కట్టి, ఆ నీటిని పాకం కాస్తూనే ఉంది. నేను పక్కింట్లోకి కొత్తగా వచ్చిన చలికాలం, తలుపు తీస్తే బేసిన్నిండా మంచుతో నిలబడి ఉంది. వాకిట్లో మోకాలిలోతు మంచుండగా ఇంకాస్త మంచు మోసుకొచ్చిన మనిషిని చూసి నాకు భయం వేసింది. ఆవిడ దాని మీద సలసల కాగే పాకం గీతలు గీసినట్టు పోసింది. పాకం తోలులా బిగిసింది. దాన్ని ఫోర్కుకి చుట్టి నా నోట్లో పెట్టింది. దారి తప్పిన సైకిలువాళ్లకైనా, జనాభా లెక్కలవాళ్లకైనా ఆ ఇంట్లో అదే మర్యాద.

ఇప్పుడొచ్చిన అతిథి అలాంటి ఇలాంటి మనిషి కాదు. కోడలు మారివిక్ వాళ్లమ్మ పెర్లిటా. ఊరు ఫిలిప్పీన్స్‌లో బటాంగస్. అర్డిస్ కొడుకు పెళ్లి అక్కడే జరిగింది. బస్సును మరొకరి చేతికివ్వడం ఇష్టంలేక అర్డిస్ వెళ్లలేదు. టొరొంటోలో ఉన్న తన కొడుకు దగ్గరికి వెళ్తున్న పెర్లిటా దారిలో నాలుగు రోజులు ఇక్కడ ఆగింది. రేపు తెల్లారి వెళ్లిపోతుంది. ఈ జన్మలో మంచు చూడని ఆవిడకు క్రిస్మస్ నాడు ఫోన్లో అర్డిస్ మాటిచ్చింది: మా ఇంట్లో నీకు మంచు తినిపిస్తాను అని.

"మా ఫ్రీజర్లో జనవరి మంచు ఓ సంచీ ఉంది, తేనా?" అన్నాను.

"ఫ్రీజర్ మంచా? బఠాణీల కంపు. ఊరికే ఇచ్చినా నా కుక్క ముట్టదు."

పార గోడకానించి, కొట్టం నీడలో నా దగ్గరగా జరిగింది. "ఒకటి చెప్తాను, నవ్వకు. ఆవిడ ఏదీ తినడం లేదు. పంది ముక్కలేసి రాత్రంతా ఉడికించిన బీన్స్ పెట్టాను. రెండు చెంచాలు తిని, చాలా బావుంది, కడుపు నిండింది అంది. మొక్కజొన్న సూపు, అదే మాట. ఆపిల్ పై మీద చీజు ముక్క పెట్టి ఇస్తే, చీజుని పక్కన పడుకోబెట్టింది. పోనీ అంటే, నన్నేమని పిలుస్తోందో తెలుసా? బెల్లీ."

"అని ఉండదు."

"బస్సు ఇంజను నా చెవులు సగం తినేసింది. కానీ నన్ను బొజ్జ అంటే వినపడనంతగా కాదు." స్వెట్టరు కిందికి లాక్కుంది. "అననీ. మంచు మాత్రం తినే వెళ్లాలి. పైన అడవి నీడలో ఇంకా మిగిలే ఉంటుంది. ఎవరొచ్చినా ఈ ఇంటి నుంచి అది తినకుండా పోలేదు."

అంతలో వరండా మెట్లు దిగుతూ పెర్లిటా వచ్చింది. రోలండ్ ఎర్రగళ్ల ఉన్నికోటు ఆమెకు మోకాళ్లు దాటి వేలాడుతోంది. చేతులు ఎక్కడున్నాయో కనపడటం లేదు. "మీరు అడవిలోకి వెళ్తారని మారివిక్ చెప్పింది. నేనూ వస్తాను," అని చివర ఓ మాట చేర్చింది. నాకూ అది బెల్లీ లాగే వినిపించింది. అర్డిస్ నా వైపు చూసింది, ఆ కనుబొమతో.

ట్రాక్టరు వెనక బండిలో, మంచు నింపడానికి బట్టలుతికే తొట్టి, దాని పక్కన పెర్లిటా, నేను. కొండ సగంలో చక్రాలు బురదలో కూరుకుపోయాయి. మాకు చలికాలానికీ వసంతానికీ నడుమ బురద అని మరో ఋతువుంది. అర్డిస్ ఇంజను ఆపి దిగబోతే బూటు బురదలోనే ఉండిపోయి, ఉన్నిమేజోడు వేసుకున్న పాదం ఒక్కటే పైకొచ్చింది. అంతవరకు మర్యాదగా కూర్చున్న పెర్లిటా ముందు నోరు మూసుకుంది, తర్వాత బండి అంచు పట్టుకుంది, తర్వాత ఇక ఆపుకోలేదు. ఆ నవ్వు కొండవాగులా దొర్లింది.

"నవ్వు నవ్వు," అంది అర్డిస్ ఒంటికాలి మీద ఊగుతూ. "తొట్టి మోసేది నువ్వే."

నిజంగానే చెరో పిడీ పట్టుకుని ఇద్దరూ నడిచారు. పైన, ముదురాకుపచ్చ హెమ్లాక్ చెట్ల చీకట్లో, ఎప్పటిదో ఒక ఇంటి రాతిపునాది గుంట ఉంది. ఇల్లు పోయింది, మనుషులు పోయారు. వాళ్లు వదిలివెళ్లిన గదిలో మంచు కాపురం ఉంటోంది. మీద మీద ఆకులూ మట్టీ. అర్డిస్ పారతో పైపొర తీసింది. కింద, నీలం కలిసిన తెలుపు, అప్పుడే కన్ను తెరిచినట్టు.

పెర్లిటా కోటు చేయి పైకి లాగి, అరచేయి దాని మీద ఆనించింది. చాలాసేపు తీయలేదు. తర్వాత కాస్త గిల్లి నోట్లో వేసుకుని, "దీనికి రుచి లేదే," అంది.

"రుచి నా దగ్గరుంది, పద," అంది అర్డిస్.

పాకం షెడ్డులో ఆవిరి కప్పు కింద మబ్బులా వేలాడుతోంది. మారివిక్ పొట్ట మీద చేయి వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఆమెకు నాలుగో నెలో ఐదో నెలో అనుకోవాలి. అర్డిస్ గరిటె ఎత్తి చూసింది. పాకం అంచున చుక్కలై రాలకుండా రేకులా జారింది. ఇంకాస్త ముదరనిచ్చి తొట్టిలో మంచు మీద వంపింది. బంగారు అక్షరాలేవో రాసి, అవి చదివేలోగా బిగిసిపోయినట్టు.

పెర్లిటా ఫోర్కుకి చుట్టుకుని తింది. కళ్లు మెరిశాయి. ఇంకో చుట్టు. మెల్లగా ఫోర్కు కింద పెట్టింది.

"చాలా బావుంది. కడుపు నిండింది."

అర్డిస్ భుజాలు కొంచెం కిందికి దిగాయి. గూట్లోంచి సీసా తీసింది. వెనిగర్‌లో ఊరిన దోసకాయలు. "మేం తీపి మధ్యలో ఇది కొరుకుతాం. నాలుక కడిగినట్టవుతుంది. ఇష్టం లేకపోతే మానెయ్," అంది, గోడతో చెప్పినట్టు.

పెర్లిటా కొరికింది. కరకర చప్పుడు షెడ్డంతా వినిపించింది. కళ్లు మూసుకుంది.

"ఇన్ని రోజులూ దీన్నెక్కడ దాచారు?" అంది. "మా ఇంట్లో పుల్లటిది లేకుండా ముద్ద దిగదు. పచ్చిమామిడికాయ, ఉప్పు. ఇక్కడందరూ తీపీ వెన్నా మీదే బతుకుతారనుకుని, పస్తు పడుకుంటున్నాను."

తర్వాత లెక్క లేదు. పాకం, దోసకాయ, పాకం, దోసకాయ. మంచులో గుంటలు పడ్డాయి. సీసాలో వెనిగరే మిగిలింది. పెర్లిటా కోటు చేతిలోంచి ఫోర్కు చాపి, "ఇంకొక్కటి, బలాయె," అంది.

అర్డిస్ గరిటె బల్ల మీద పెట్టింది. "చూడు పెర్లిటా. తింటున్నది నువ్వు. బెల్లీ నేనా? బస్సులో పిల్లలూ అనేవాళ్లు, కాకపోతే పాపం నా వెనక అనేవాళ్లు."

ముందు మారివిక్ బల్ల మీద వాలిపోయింది, నవ్వుతో. "బెల్లీ కాదత్తయ్యా. బ-లా-యె. నా మొగుడి అమ్మ మా అమ్మకి ఏమవుతుందో, ఆ మాట."

పెర్లిటా రెండు చెంపలూ పట్టుకుంది. "దేవుడా. నాలుగు రోజులుగా నేను మిమ్మల్ని తిడుతున్నాననుకున్నారా?"

"పొగుడుతున్నావని ఎలా అనుకోను? మా భాషలో నేను నీకు ఏమీ కాను మరి."

"ఏమీ కాకపోవడమేంటి? మాట లేదా?"

"లేదు. పేరుతో పిలుస్తాం."

పెర్లిటా మొహంలో, అన్నం లేని ఇంటిని చూసినంత జాలి. "అందుకే ఇంత పెద్ద దేశంలో మనుషులు దూరదూరంగా ఇళ్లు కట్టుకున్నారు," అంది.

"మా తెలుగులో ఉంది," అన్నాను నేను. "వియ్యపురాలు."

అర్డిస్ నోరు తిప్పి చూసుకుంది. "వియ్... అబ్బో. అది పలకాలంటే ముందో దోసకాయ తినాలి. బలాయె చాలు నాకు." ఇంకోసారి, నెమ్మదిగా, పాకం రుచి చూసినట్టు అంది: "బలాయె." స్వెట్టరు లాక్కోవడం మర్చిపోయింది.

మర్నాడు తెల్లారి కారు వెళ్లిన చప్పుడు నిద్రలో విన్నాను. పొద్దెక్కాక మళ్లీ పార గీకుతున్న చప్పుడు, ఈసారి నా వంటింటి మెట్ల దగ్గర. తలుపు తీస్తే అర్డిస్. బూట్లకు మోకాళ్లదాకా బురద, దాన్నే పార అంచుతో గీకుతోంది. వెనక బట్టల తొట్టి. మూల మూలలా కూరిన మంచు, పుల్ల ఒక్కటి లేకుండా ఏరి పెట్టింది.

"కాన్పుకి ఆగస్టులో వస్తానంది మా బలాయె," అంది. "నీ ఫ్రీజర్లో బఠాణీలన్నీ తీసెయ్, అమ్మాయ్."