దాజీ పేటలో మగ్గాలు ఆగిన వేళ

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బండి ఎక్కాను. పిన్ని కూతురు అంబక్కకు ఆయాసం. సోలాపూర్ నుంచి తీసుకొచ్చి హైదరాబాదులో చూపిద్దామని ప్రయాణం. రానని ఫోనులోనే చెప్పేసింది. అక్కది ఉడుంపట్టు. నాది అంతకన్నా గట్టిదని నా నమ్మకం.

ఎదుటి సీటులో దుప్పట్ల వ్యాపారి ఒకాయన, సోలాపూర్‌లో అక్క ఉండే దాజీ పేట మనిషే. "మరాఠీ సముద్రంల మాదొక తెలుగు దీవి సార్. మా పేట దవాఖాన నడిపే ట్రస్టోళ్ళు చేతులెత్తేసిన్రు. ఇప్పుడు అది గూడ మా రాజ్యమే" అన్నాడు. రాజ్యం సరే, ఖజానా ఏదని అడిగాను. "తువ్వాళ్ళే! నెలకు మగ్గానికొకటి ఇస్తం. అవి అమ్మి డాక్టరమ్మకు, నర్సమ్మకు జీతాలు." నవ్వాను గానీ లోపల ముచ్చటేసింది.

రాత్రి ఎనిమిదికి దిగి స్టేషన్ దగ్గరే లాడ్జిలో బస చేశాను. గది చవక, దోమలు ఉచితం.

పొద్దున షేర్ ఆటోలో కొంతం చౌక్ దాకా వెళ్ళి అక్కడి నుంచి నడిచాను. వెళ్ళేవారు గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. ఆ సందుల్లో పవర్‌లూముల మోతకు మామూలు గొంతు వినపడదు. అక్క గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. నాకు జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. "హైదరాబాద్ ఎందుకు తమ్మీ? మా దవాఖాన మా చేతుల ఉంది. నేనే పోకపోతే ఇంకెవరు పోతరు?" అంది, మాటకోసారి ఆగి.

నాలుగింటికి అక్కడికే తీసుకెళ్ళాను. ఒకటే గది. గోడకవతల రాజేశం అనే ఆయన మగ్గాల షెడ్డు. మరాఠీ డాక్టరమ్మ అక్క వీపుకు స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని, చివరికి తల అడ్డంగా ఊపింది. మగ్గాల మోత తప్ప ఏమీ వినపడటం లేదట. నాకు ఒళ్ళు మండింది. నేరుగా షెడ్డులోకి వెళ్ళి రాజేశం మీద అరిచాను.

"బంద్ చేస్తే కారీగర్ల కూలి పోతది సాబ్, మీటరు లెక్కన బతికేటోళ్ళు" అన్నాడాయన, చల్లగానే. "చాయ్ గూడ ఒక్కొక్కరే తాగుతరు. పక్కోడు మగ్గం చూస్తడు."

మగ్గం దగ్గరున్న సాయన్న అనే ముసలి నేతగాడు కలగజేసుకున్నాడు. "రేపు నాల్గింటికి అందరం ఒక్కపారే తాగుదం. మా ఆడోళ్ళు గూడ ఆ దవాఖానకే పోతరు గద."

రాజేశం కాసేపు మెడ గోక్కున్నాడు. "సరే, ఆ అర్ధగంట కూలి నేనిస్త. చాయ్ పైసలు మాత్రం మీయే!"

మర్నాడు నాలుగింటికి మగ్గాలు ఆగాయి. డాక్టరమ్మ ఇంకా స్టెతస్కోపు తీయనే లేదు, గదిలో సన్నగా ఈల లాంటి చప్పుడు. అక్క ఎక్కడిదా అని చుట్టూ చూసి, ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "ఇది నా పాణంల నుంచేనా తమ్మీ?" ఇన్నేళ్ళుగా తన ఊపిరి తనకే వినపడలేదు. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ పీల్చే మందు ఇచ్చి, పొగాకు దుమ్ముకు దూరంగా ఉండమని చెప్పి, పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేకు రాసింది. అక్క ఎక్స్‌రేకు ఒప్పుకుంది. హైదరాబాదుకు మాత్రం ససేమిరా అంది.

మూడోనాడు మధ్యాహ్నం బండిలో ఒక్కణ్ణే తిరిగొచ్చాను, ఓడిపోయి, సంతోషంగానే. వాడి జంక్షన్ దాటాక అక్కకు ఫోను చేశాను. ఎప్పుడు చేసినా ఆమె మాటల వెనక మగ్గాలు దడదడలాడేవి. ఈసారి ఆ చప్పుడు లేదు. గడియారం చూస్తే నాలుగు దాటింది.

"దవాఖాన్ల ఉన్న తమ్మీ. ఇయ్యాల నా నంబర్ కాదు, సాయన్న కోడలిది" అని గుసగుసగా అంది అక్క. "చుప్ ఉండు, డాక్టరమ్మ వింటున్నది."